రామప్ప గుడి: కాకతీయుల కట్టడం, శిల్పం

రామప్ప గుడి తెలంగాణలో ములుగు జిల్లా, వెంకటాపూర్ మండలం, పాలంపేట గ్రామంలో ఉన్న కాకతీయుల కాలపు శివాలయం. ఇక్కడి దేవుడి పేరు రుద్రేశ్వరుడు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు శక సంవత్సరం 1135లో, అంటే క్రీ.శ. 1213లో, ఈ లింగాన్ని ప్రతిష్ఠించాడు. వరంగల్ నుంచి ఈశాన్యంగా సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే అడవుల అంచున, వరిపొలాల నడుమ ఈ గుడి కనిపిస్తుంది. 2021 జూలై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ జాబితాకెక్కిన మొదటి కట్టడం ఇదే.

ఎత్తులోగాని విస్తీర్ణంలోగాని ఇది దక్షిణాదిలోని పెద్ద గుళ్లతో పోటీకి నిలవదు. తంజావూరు బృహదీశ్వరాలయం పక్కన పెడితే చిన్న గుడి కిందే లెక్క. రామప్ప ప్రత్యేకత పదార్థాన్ని ఎరిగి వాడడంలో ఉంది. పునాదిలో ఇసుక, గోడలకు ఎర్రటి ఇసుకరాయి, బరువు మోసే చోటా ఉలి నిలవాల్సిన చోటా గట్టి నల్లరాయి, అన్నిటికీ పైన నీటిలో తేలేంత తేలికైన ఇటుక. శిల్పం కూడా ఈ ఎంపిక వెంటే నడిచింది. శిల్పాలను విడిగా, కట్టడాన్ని విడిగా చూస్తే రామప్ప సగమే అర్థమవుతుంది.

శాసనం చెప్పేది, చెప్పనిది

ఆవరణలోని శాసన స్తంభం ఈ గుడి చరిత్రకు మొదటి ఆధారం. భాష సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు లిపి. ఎల్.డి. బార్నెట్ దీన్ని పరిష్కరించగా నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1919లో హైదరాబాదు ఆర్కియలాజికల్ సిరీస్‌లో మూడో సంపుటంగా అచ్చు వేసింది. శాసనం ముందు కాకతీయ రాజులను, ఓరుగల్లును పొగిడి, తరువాత రేచర్ల వంశం వారి పరాక్రమాన్ని వివరించి, చివరికి రుద్రుడు చేసిన ప్రతిష్ఠలకూ దానాలకూ వస్తుంది.

ఒక సేనాని అయిన రుద్రుడికి ఇంత స్థాయి ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఒక్క తరం వెనక్కి వెళ్లాలి. 1199 ప్రాంతంలో దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో కాకతి మహాదేవుడు చనిపోయాడు. కొడుకు గణపతిదేవుడు శత్రువులకు చిక్కాడు. రాజు లేని రాజ్యంలో సామంతులు తిరగబడుతుంటే వాళ్లను అణచి, గణపతిదేవుడు తిరిగి వచ్చేదాకా సింహాసనాన్ని కాపాడినవాడు రేచర్ల రుద్రుడు. కాకతీయ రాజ్య భారాన్ని మోసినవాడన్న అర్థమున్న బిరుదు అతనికి అలా దక్కింది. తరువాత గణపతిదేవుడు 1262 దాకా ఏలాడు. అంటే రామప్ప ఒక చక్రవర్తి వైభవం కోసం కట్టించింది కాదు. రాజ్యాన్ని నిలబెట్టిన ఒక సేనాని తన సొంత సీమలో, తన పేరిట కట్టించుకున్న గుడి. ప్రధాన దైవం రుద్రేశ్వరుడే కాక, అటూ ఇటూ వంశంలోని పెద్దల పేర్లు నిలిచేలా కాటేశ్వర, కామేశ్వర ఆలయాలు కూడా వెలిశాయి.

శాసనం చెప్పని సంగతులే జనంలో ఎక్కువ చెప్పుకుంటారు. మొదటిది గుడి పేరు. కట్టిన శిల్పాచార్యుడి పేరు రామప్ప అనీ, దేవుడి పేరును కూడా పక్కకు నెట్టి ఆ శిల్పి పేరే గుడికి స్థిరపడిందనీ ప్రతీతి. వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ శాసనంలో శిల్పి ప్రస్తావన లేదు. దీన్ని జనశ్రుతిగానే తీసుకోవాలి.

రెండోది నలభై ఏళ్ల నిర్మాణ కథ. 1213లో పని మొదలై సుమారు నలభై ఏళ్లు సాగిందని యునెస్కో కూడా రాసింది. శాసనం చెప్పేది మాత్రం ప్రతిష్ఠ గురించి. గర్భగుడి సిద్ధం కాకుండా ప్రతిష్ఠ జరగదు కాబట్టి 1213 నాటికి ప్రధాన కట్టడం చాలావరకు నిలబడే ఉండాలి. మండపాల చెక్కడం, ఉపాలయాలు, ప్రాకారం తరువాత ఎన్నాళ్లు సాగాయన్నది వేరే ప్రశ్న. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కాని తరువాత చెప్పుకోబోయే జాయప సేనాని నృత్యగ్రంథానికీ ఈ శిల్పాలకూ ఉన్న సంబంధం తేల్చేటప్పుడు ఇదే కీలకమవుతుంది.

విన్యాసం

గుడి తూర్పు ముఖంగా ఉంది. ముందు సుమారు ఆరడుగుల ఎత్తున, కోణాలు కోణాలుగా మలుపులు తిరిగే నక్షత్రాకారపు ఉపపీఠం కట్టారు. దాని అంచులు అసలు గుడి గోడల కంటే బాగా ముందుకు వచ్చి చుట్టూ వెడల్పాటి ప్రదక్షిణ మార్గం ఏర్పడింది. భక్తుడు మెట్లెక్కి ఈ అరుగు మీద నడుస్తూ గోడల మీది బొమ్మలను కంటి ఎత్తులో చూస్తాడు. నక్షత్రాకారపు పీఠం కల్యాణి చాళుక్యుల నుంచి కాకతీయులకూ హొయసలులకూ వచ్చిన వారసత్వం. కాకతీయులు తొలుత ఆ చాళుక్యుల సామంతులే. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలో ఈ తరహా పీఠం అప్పటికే ఉంది. అయితే అది శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కట్టిన త్రికూటాలయం. రామప్పలో గర్భగుడి ఒక్కటే.

పీఠం మీద గర్భగృహం, దాని ముందు అంతరాళం, ఆ ముందు విశాలమైన రంగమండపం. మండపానికి తూర్పు, దక్షిణ, ఉత్తర దిక్కుల్లో మూడు ముఖద్వారాలు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి. పడమటి వైపు గర్భగుడి ఉంటుంది కాబట్టి మొత్తం కలిపి చూస్తే నాలుగు చేతుల ఆకారం వస్తుంది. మండపం గోడలు పైదాకా మూసినవి కావు. నడుము ఎత్తు వరకు కట్టి, లోపలి వైపు వీపు ఆనించి కూర్చునేలా కక్షాసనాలు అమర్చారు. ఆ పైన పొట్టి స్తంభాలు, వాటి మీద వెడల్పాటి వాలు చూరు. దీనివల్ల మండపంలోకి గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయి. నల్లరాతి నునుపు మీద పడిన వెలుగు పరావర్తనం చెంది గర్భగుడి దాకా పాకుతుంది. లింగం పగలంతా దీపం లేకుండానే కనిపించేలా కట్టారని అక్కడి మార్గదర్శకులు చెబుతారు. ముందే లెక్క వేసుకుని కట్టారో లేదో గాని, మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉండే చాలా గర్భగుళ్లతో పోలిస్తే ఇక్కడి వెలుతురు తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఎదురుగా విడిగా నందిమండపం ఉంది. దాని పైకప్పు పోయింది, నంది మిగిలింది. మెడలో గంటల పేరు, ఒంటి మీద పట్టెడలు, నిక్కపొడుచుకున్న చెవులు. పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఒక కాలు కాస్త ముందుకు మడిచి కూర్చుంది. తెలుగు నేల మీది నందుల్లో లేపాక్షి నందిది పరిమాణంలో పైచేయి. కవళికల్లో మాత్రం రామప్ప నందికే ఓటు వేయాలనిపిస్తుంది.

ఇసుక, రాయి, ఇటుక

కాకతీయ వాస్తువు గురించి మాట్లాడితే ఇసుక పునాది మాట రాక తప్పదు. పునాది గొయ్యిని లోతుగా తవ్వి, ఇసుకతో నింపి, దాని మీద రాళ్లు పేర్చే పద్ధతి ఇది. వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని పునర్నిర్మాణం కోసం భారత పురావస్తు సర్వేక్షణ విభాగం విప్పినప్పుడు అడుగున ఈ ఇసుక పొర కళ్లకు కట్టింది. రామప్పలోనూ ఇదే పద్ధతి వాడారని ఇంజనీర్లు చెబుతారు. నేల ఉబ్బినా కుంగినా, కంపించినా ఆ కదలికను ఇసుక కొంత తనలో ఇముడ్చుకుని పైకి తక్కువగా పంపుతుందన్నది దీని వెనుక సూత్రం. అది నిజమే. అయితే ఇసుక పక్కలకు జారిపోకుండా గట్టిగా బంధించి ఉన్నంత కాలమే ఈ సూత్రం పనిచేస్తుంది. ఎక్కడో నీరు చొరబడి ఇసుకను కదిలిస్తే పైనున్న బరువు కుంగుతుంది. రామప్ప మండపంలో నేల బండలు ఎగుడుదిగుడుగా మారడమూ, కొన్ని దూలాలు పగుళ్లిచ్చి ఉండడమూ చూసినవారికి ఈ రెండో సంగతి కూడా గుర్తుకు రావాలి. భూకంపాలు ఏమీ చేయలేని గుడి అంటూ వచ్చే పొగడ్తల్లో ఈ కుంగుబాటు మాట ఉండదు.

పీఠం, గోడలు చాలావరకు ఎర్రటి ఇసుకరాయి. తొలచడానికి వీలైన రాయి, వాన దెబ్బకు తొందరగా పొరలూడే రాయి కూడా. అందుకే బయటి గోడల్లో కొన్నిచోట్ల చిన్న బొమ్మల ముఖాలు అరిగిపోయాయి. మండపంలోని స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు, చూరు కింది స్త్రీమూర్తులకు గ్రానైటు, డోలరైట్ వాడారు. డోలరైట్ భూగర్భంలో కరిగిన శిల చల్లారి గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి. రేణువులు చాలా సన్నవి, కాఠిన్యం ఎక్కువ. ఉలి నిలవాలంటే మంచి ఉక్కు కావాలి. తెలంగాణ ఉక్కుకు ఆ తరువాతి కాలంలో ఎంత పేరు వచ్చిందంటే, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లింది. నల్లరాయిని చెక్కడం కష్టమే గాని, ఒకసారి చెక్కాక గీత చెదరదు, సానపడితే అద్దంలా మెరుస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా ఆ స్త్రీమూర్తుల గోళ్లు, హారాల పూసలు లెక్కపెట్టగలగడానికి కారణం ఇదే.

ఇక గర్భగుడి మీది శిఖరం. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే ఈ విమానాన్ని ఇటుకలతో కట్టారు. రాతి గుడి మీద ఇటుక శిఖరం, గోపురం కట్టడం దక్షిణాదిలో అరుదేమీ కాదు. విజయనగర కాలపు గోపురాల్లో పైభాగాలు ఎక్కువగా ఇటుకా సున్నమే. రామప్ప ఇటుక తేలిక మాత్రం మరెక్కడా అంత సులువుగా దొరకదు. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.85 నుంచి 0.9 గ్రాముల మధ్య ఉంటుందని పరీక్షల్లో తేలింది. నీటి సాంద్రత ఒక గ్రాము కాబట్టి ముక్క నీళ్లలో వేస్తే తేలుతుంది. మామూలు రాళ్ల సాంద్రత రెండు గ్రాముల పైమాటే, డోలరైట్‌ది మూడుకు దగ్గర. అంటే అదే శిఖరాన్ని డోలరైట్‌తో కట్టి ఉంటే కింది గోడల మీద మూడింతలకు మించిన బరువు పడేది. తంజావూరులో చోళులు శిఖరం పైదాకా గ్రానైటే వాడి, ఆ బరువుకు తగినంత మందంగా కింది గోడలు కట్టారు. రుద్రుడి స్థపతులు బరువే తగ్గించే దారి పట్టారు. మట్టిలో ఊక, రంపపు పొట్టు వంటివి కలిపి కాలిస్తే అవి మండిపోయి లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఇటుక తేలికకు నిపుణులు ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. దానిలో మర్మమేదో ఉన్నట్టు కథలు అల్లాల్సిన పనిలేదు. బట్టీ వేడిని అదుపులో పెట్టి, అన్ని ఇటుకలూ ఒకేలా వచ్చేలా చూడడమే అసలు పనితనం.

రంగమండపం

మండపం మధ్యలో నాలుగు పెద్ద స్తంభాలు చతురస్రంగా నిలిచి ఉంటాయి. కాకతీయ స్తంభం ఎప్పుడూ ఒకే ఆకారంలో పైకి పోదు. అడుగున చదరపు దిమ్మె, దాని పైన పలకలు, ఆ పైన తరిమెన పట్టినట్టు గుండ్రని వలయాలు, మళ్లీ చదరం. చదరపు భాగాల మీద బొమ్మలు చెక్కారు. నర్తకులు, మద్దెల వాయించేవాళ్లు, కోలాటం ఆడే అమ్మాయిలు. ఒక పలక మీద ముగ్గురు నర్తకీమణులకు కలిపి నాలుగే కాళ్లు చెక్కారు. ఏ ఇద్దరిని చూసినా వాళ్ల కాళ్లు వాళ్లకు సరిగ్గానే ఉంటాయి. శిల్పి సరదాగా విసిరిన సవాలు ఇది.

స్తంభాల మీది దూలాల పొడవునా పురాణ కథలు సాగుతాయి. క్షీరసాగర మథనం, త్రిపుర సంహారం, గజాసుర సంహారం వీటిలో ప్రధానమైనవి. అడ్డంగా పొడవుగా ఉండే దూలం కథ చెప్పడానికి అనువైన చోటు. మందర పర్వతాన్ని నడుమ ఉంచి దేవతలూ రాక్షసులూ చెరోవైపు వాసుకిని లాగే సన్నివేశం దూలం పొడవుకు సరిగ్గా అతికింది. పైకప్పును కోణాలుగా బండలు పేర్చి క్రమంగా పైకి కుదించుకుంటూ పోయారు. తల పైకెత్తి చూస్తే చదరంలో చదరం తిరిగి, నడుమ పూల చెక్కడంలోకి చూపు జారుతుంది.

అంతరాళ ద్వారం రంగమండపంలోకెల్లా పనితనం పోగుపడ్డ చోటు. ద్వారబంధానికి రెండు పక్కలా జాలీ తెరలు, వాటి నిండా నర్తకులు, వాద్యకారులు. బొమ్మల చేతులకూ గాజులకూ మధ్య సన్నని సందులు. దారం దూర్చి చూపించే అలవాటు మార్గదర్శకులకు ఉంది. ఇక్కడే పొన్నచెట్టు కింద వేణువు ఊదుతున్న కృష్ణుడి బొమ్మ ఉంది. దాన్ని తడితే స్వరాలు పలుకుతాయని చెప్పి తట్టి చూపిస్తారు. రాతి నాదం వినడం ముచ్చటే గాని, రోజూ వందల చేతులు తట్టే రాయికి అది మంచిది కాదు.

వెలుపల ఉపపీఠం, అధిష్ఠానం, కక్షాసనాల వెలి వైపు బొమ్మల వరసలు నడుస్తాయి. అడుగున ఏనుగులు. గుడి చుట్టూ తిరిగే ఈ ఏనుగుల బారులో ఒకటి నడుస్తుంది, ఒకటి తొండం మెలిపెడుతుంది, అక్కడక్కడ ఇంకొకటి వెనక్కి తిరుగుతుంది. వాటి మీది వరసల్లో తామరలు, దేవతలు, మల్లయోధులు, జంటలు, ఆయుధాలు పట్టిన వీరులు, వేషధారులు.

మదనికలు

రామప్ప పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేవి చూరు కింది స్త్రీమూర్తులు, అంటే మదనికలు. మండపం మూడు ముఖద్వారాల దగ్గర, ఒక్కో ద్వారానికి నలుగురు చొప్పున పన్నెండు మంది. బయటి స్తంభం భుజం నుంచి చూరు రాయి దాకా ఏటవాలుగా, ముందుకు వాలి నిలబడి ఉంటారు. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉన్న మూర్తులు. మిగతా స్తంభాల దగ్గర ఈ చోటు గజవ్యాళాలది, అంటే ఏనుగుల మీదికి దూకే సింహపు రూపాలది. ఇవన్నీ చూరును మోస్తున్నట్టే కనిపిస్తాయి. బరువులో చాలా భాగం దూలాల మీదా స్తంభాల మీదా పడుతుంది కాబట్టి వీటి పని కంటికి ఊతమివ్వడమే.

ఈ పన్నెండు మందిలో ఒకరిని పోలినవారు ఇంకొకరు లేరు. ఒకామె ఒంటికి పాములు చుట్టుకున్న నాగిని, చేతిలో కూడా పామే. ఒకామె మద్దెల వాయిస్తూ నడుము తిప్పింది. ఒకామె వేటకు బయల్దేరినట్టుంది, ఆమె కాళ్లకు మడమ ఎత్తున్న చెప్పులు. ఈ చెప్పులను చూపించి ఇప్పటి ఫ్యాషన్ అంతా అప్పుడే ఉందని నవ్విస్తారు. కాని ఆలోచిస్తే అడవిలో తిరిగే మనిషికి ఎత్తు పావుకోళ్లు వేయడం శిల్పి చూసిన జీవితంలోంచే వచ్చి ఉండాలి. తక్కినవాళ్లంతా నాట్య భంగిమల్లో ఉన్నారు.

ఇలాంటి బొమ్మలు రామప్ప కంటే దాదాపు నూరేళ్ల ముందే, 1117లో విష్ణువర్ధనుడు కట్టించిన బేలూరు చెన్నకేశవాలయంలో ఉన్నాయి. కాబట్టి ఆలోచన రామప్పది కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం రెండు ప్రపంచాలు. హొయసలులు వాడింది సబ్బురాయి. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి తరువాత గట్టిపడుతుంది. అందుకే బేలూరు శిల్పి ఆకులూ తీగలతో ఛత్రం చెక్కి, దాని కింద బరువైన నగలతో బొద్దుగా ఉన్న అమ్మాయిని నిలబెట్టాడు. రాయి అడ్డు చెప్పనప్పుడు చెయ్యి ఆగదు. రామప్ప శిల్పికి దొరికింది డోలరైట్. అనవసరమైన ప్రతి గీతా రోజుల తరబడి శ్రమ. అతను ఛత్రం తీసేశాడు, నగలు తగ్గించాడు, ఒళ్లు సన్నగా పొడుగ్గా సాగదీశాడు. అలంకారం తగ్గిన చోట దేహరేఖ పైకి వచ్చింది. తొడల నుంచి నడుము దాకా, నడుము నుంచి భుజం దాకా సాగే ఆ ఒంపును నల్లరాతి మెరుపు ఇంకా సాఫీగా చూపిస్తుంది. వెనుక ఎర్రటి ఇసుకరాయి, ముందు నల్లటి మూర్తి. ఈ రంగుల పొందిక ఏ హొయసల గుడిలోనూ లేదు. పనితనపు సూక్ష్మంలో బేలూరుదే గెలుపు. చూపును నిలిపే బిగువు మాత్రం రామప్పది అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నాట్యం, జాయప, పేరిణి

గణపతిదేవుడి గజబలానికి అధిపతి, వరుసకు బావమరిది అయిన జాయప సేనాని ‘నృత్త రత్నావళి’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. దాని కాలం 1253-54. ఎనిమిది అధ్యాయాల్లో తొలి సగం భరతుడి మార్గ పద్ధతి, మలి సగం దేశి నృత్యాలు. పేరణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, దండరాసకం, చిందు, కందుకం, కొల్లాటం వంటి ప్రాంతీయ నృత్యాలను ఇంత వివరంగా చెప్పిన గ్రంథాలు తక్కువ. వి. రాఘవన్ పరిష్కరణ 1965లో మద్రాసు నుంచి వెలువడింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దీన్ని తెలుగులోకి తెచ్చారు.

జాయప సూత్రాలు చూసి రామప్ప శిల్పులు బొమ్మలు చెక్కారన్న మాట తరచు వినిపిస్తుంది. తేదీలు దీనికి ఒప్పుకోవు. ప్రతిష్ఠ 1213, గ్రంథం నలభై ఏళ్ల తరువాతిది. నిర్మాణం నలభై ఏళ్లు సాగిందంటే కొన్ని బొమ్మలు గ్రంథంతో పాటు వచ్చి ఉండవచ్చునని వాదించవచ్చు గాని, దానికి ఆధారం చూపడం కష్టం. ఒకే కాలంలో ఒకే నేల మీద ఆడుతున్న నృత్యాన్ని శిల్పి రాతిలో పట్టాడు, సేనాని శ్లోకంలో పట్టాడు అనుకోవడమే సమంజసం. అలా అనుకుంటే రెండూ ఒకదానికొకటి సాక్ష్యం అవుతాయి. కోలాటపు బొమ్మ పక్కన దండరాసక లక్షణం చదివితే రాయి కదులుతుంది.

ఆ పని నిజంగా చేసినవాడు నటరాజ రామకృష్ణ. నృత్త రత్నావళిలోని లక్షణాలు ఒక చేత, రామప్ప శిల్పాల భంగిమలు ఇంకొక చేత పట్టుకుని, మరుగునపడిన పేరిణి శివతాండవాన్ని ఆయన తిరిగి రంగం మీదికి తెచ్చాడు. మగవాళ్లు మాత్రమే ఆడే ఉద్ధత నృత్యం ఇది. 1985 మహాశివరాత్రి నాడు ఇదే గుడి ముందు దాన్ని ప్రదర్శించారు. ఇప్పుడు ఆడే పేరిణిలో పదమూడో శతాబ్దపుది ఎంత, ఇరవయ్యో శతాబ్దపుది ఎంత అని విడదీయడం సాధ్యం కాదు. పునఃసృష్టిగా చెప్పుకుంటేనే దాని విలువ సరిగ్గా తెలుస్తుంది.

ఒక పొగడ్త సంగతి

దక్కన్ దేవాలయాల నక్షత్రమండలంలో ఇది అన్నిటికన్నా మెరిసే చుక్క అని మార్కోపోలో అన్నాడని బోర్డుల మీదా పర్యాటక పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. మార్కోపోలో రాతల్లో తెలుగుదేశం గురించి ఉన్నది మోటుపల్లి ప్రాంతపు వజ్రాలు, సాలెగూడు అంత సన్నని బట్టలు, న్యాయంగా ఏలుతున్న రాణి. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు గుర్తిస్తారు. పాలంపేట ఊసే అందులో లేదు. ఈ గుడికి విదేశీ యాత్రికుడి యోగ్యతాపత్రం అవసరం కూడా లేదు.

చెరువు

రేచర్ల రుద్రుడు గుడితో పాటు పెద్ద చెరువు కూడా తవ్వించాడు. గుట్టల మధ్య ఖాళీని కట్టతో మూసి వాననీటిని నిలిపే పద్ధతి. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి కట్టడం కాకతీయుల విధానం. పాకాల, లక్నవరం, ఘనపురం చెరువులూ ఈ చుట్టుపక్కల ఆ కాలానివే. గుడికిచ్చిన పొలం పండితేనే దీపధూప నైవేద్యాలు నడుస్తాయి, పొలం పండాలంటే చెరువు నిండాలి. ఈ లెక్కలో గుడి కూడా వ్యవసాయ వ్యవస్థలో ఒక భాగమే. 1323లో ఓరుగల్లు పడిపోయాక గుడి వైభవం మాసిపోయింది గాని చెరువు కింద సాగు ఆగలేదు. ఇప్పటికీ రామప్ప చెరువు కింద వరి పండుతోంది. కట్ట వెంటా ఊరి చుట్టూ మరికొన్ని చిన్న గుళ్లు శిథిలావస్థలో ఉన్నాయి.

సాటి గుళ్లు

రామప్పకు అతి దగ్గరి చుట్టం పక్కనే ఘనపురంలోని కోటగుళ్లు. అక్కడి గణపేశ్వరాలయంలోనూ మదనికలు, గజవ్యాళాలు ఉన్నాయి, శిథిలమే ఎక్కువ. రేచర్ల వారిదే మరో కేంద్రం సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి. నామేశ్వరాలయం 1202 నాటిది, ఎరకేశ్వరాలయం 1208 నాటిది. రెండూ రామప్ప ప్రతిష్ఠకు ముందటివే. నునుపైన నల్ల స్తంభాలు అక్కడ అప్పటికే పరిణతి పొంది ఉన్నాయి. రామప్ప ఆకాశం నుంచి ఊడిపడలేదని చూపడానికి పిల్లలమర్రి చాలు. నక్షత్రపీఠం హనుమకొండలో, మెరుగుపెట్టిన స్తంభం పిల్లలమర్రిలో, చూరు కింది సుందరి బేలూరులో. వీటన్నిటినీ తేలిక ఇటుక శిఖరం కింద ఒకచోట కూర్చింది పాలంపేట.

శిథిలం, రక్షణ

1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ ఏర్పాటు చేసి గులాం యాజ్దానీని దానికి అధిపతిగా నియమించింది. చెట్లు మొలిచి, రాళ్లు జారిపోతున్న గుడికి ఆయన హయాంలో మరమ్మతులు జరిగాయి. ‘పాలంపేట ఆలయాలు’ అన్న విషయంపై ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1922లో భారత పురావస్తు సర్వేక్షణ స్మారక సంపుటాల్లో ఆరోదిగా వచ్చింది. కొలతలు, చిత్రాలు, శిల్పాల వివరణలతో ఉన్న ఆ పుస్తకాన్ని తరువాత రాసినవాళ్లంతా ఏదో ఒక రూపంలో వాడుకున్నారు. ఇప్పుడు కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. నిత్యపూజలు సాగుతాయి, శివరాత్రికి జాతర జరుగుతుంది. అర్చన ఆగిపోయి బొమ్మల కొలువుగా మిగిలిన గుడి కాదు ఇది.

ప్రపంచ వారసత్వ ప్రయత్నం ఒక్క రామప్పతో మొదలు కాలేదు. 2014లో తాత్కాలిక జాబితాకు వెళ్లిన ప్రతిపాదనలో వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు కూడా ఉన్నాయి. చుట్టూ పట్టణం పెరిగిపోయిన హనుమకొండ, వరంగల్ కట్టడాలతో పోలిస్తే పొలాల మధ్య ఉన్న రామప్పకు పరిసరాలు చాలావరకు చెడకుండా మిగిలాయి. చివరికి దీన్నొక్కదాన్నే ముందుకు తెచ్చారు. చైనాలోని ఫుజౌ కేంద్రంగా జరిగిన ప్రపంచ వారసత్వ సంఘం 44వ సమావేశాల్లో గుర్తింపు వచ్చింది. భారతదేశానికి ఇది 39వ స్థలం. బేలూరు, హళేబీడు, సోమనాథపురం గుళ్లకు అదే గౌరవం 2023లో దక్కింది.

గుర్తింపుతో పాటు చిక్కులూ వచ్చాయి. మండపం కుంగుబాటు అలాగే ఉంది. పగిలిన దూలాలకు ఊతాలు కావాలి, శిఖరంలోకి నీరు దిగకుండా ఏటేటా చూడాలి, పెరిగిన సందర్శకుల తాకిడికి నేల బండలు, ద్వారబంధాలు అరగకుండా కాపాడాలి. ప్రధానాలయం పక్కనున్న కామేశ్వరాలయాన్ని తిరిగి కట్టడానికని రాయి రాయిగా విప్పారు. విప్పడం తేలిక, ప్రతి రాయిని దాని చోటికి చేర్చడమే కష్టం. కాటేశ్వరాలయం మాత్రం తన చోటే నిలిచి ఉంది. ఒక్క రుద్రేశ్వరుడి గుడిని చూసి వెనుదిరగకుండా ఈ రెండింటి మధ్యా నడిచినవారికి రేచర్ల రుద్రుడు కట్టించింది మూడు గుళ్ల సముదాయమన్న సంగతి అర్థమవుతుంది.